నాలుగు పళ్ళు

"మీ ఆయన ముందు పళ్ళు కట్టించుకున్నాడా అమ్మా?" అనడిగాడు ఆసుపత్రి శవాల గది ముందు కానిస్టేబులు.

సత్యదుర్గ నడుం దగ్గర కొంగు బిగించుకుంది. "ఆయ్. పైన ముందు పళ్ళండి. అమలాపురంలో బ్రిడ్జి వేయించేం."

"అయితే ఒకసారి చూడండి. నీళ్ళలో నాని మొహం ఆనవాలు లేదు. మిగిలిన గుర్తు ఆ పళ్ళే."

గోదారి సముద్రంలో కలిసే మొగలో ఆమె మొగుడు నాగదుర్గాప్రసాద్ నావ తిరగబడింది. నావ దొరికింది. మనిషి దొరకలేదు. ఆనాటి నుంచి అతని తల్లి అప్పలమ్మ సఖినేటిపల్లి రేవు వదల్లేదు. అన్నం పెడితే కాకులకి విసిరేస్తోంది. "నా కొడుకుని తెచ్చి నా ముందు పడుకోబెట్టండి. వాడికి నిప్పు పెట్టేదాకా నాకు ముద్ద దిగదు," అంటుంది. నిన్నటి నుంచి నీళ్ళు కూడా మానేసింది. ఇంటికి ఒక్క చావు చాల్లేదు కాబోలు ఆ దేవుడికి.

లోపల కానిస్టేబులు శవం మీది గుడ్డ తొలగించాడు. మరిది నాగసతీష్ గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

సత్యదుర్గ ఆ కట్టుడు పళ్ళకేసి చూసింది.

తెడ్డు తగిలి రెండు పళ్ళు పోయాక ప్రసాద్ వల విసరలేకపోయాడు. విసురు వల అంచుని ముందు పళ్ళతో కరిచిపట్టి వదిలితేనే అది గొడుగులా విచ్చుకుంటుంది. అందుకే పట్టుబట్టి పళ్ళు కట్టించుకున్నాడు.

"అటొకటి, ఇటొకటి మంచి పళ్ళని అరగదీసి వాటికి తొడిగేను. మధ్యలో పెట్టిన రెంటికీ ఊతం అవే," అని చెప్పారు డాక్టరు శ్యామ్ బాబు గారు. "అన్నం తినండి. హాయిగా నవ్వండి. వల మాత్రం కరవకండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు ప్రసాద్, మహా బుద్ధిమంతుడిలా.

మర్నాడే రేవులో వల కరిచి నిలబడ్డాడు. సత్యదుర్గ చూసి నెత్తి కొట్టుకుంది.

"డాక్టరు గారు అన్నం తినమన్నారు కదే. వల వెయ్యకపోతే అన్నం ఎక్కడిది?" అని నవ్వాడు. కొత్త పళ్ళతో ఎంత అందంగా నవ్వాడో పాపం.

"అన్నయ్యేనా వదినా?" గుమ్మంలోంచే అడిగాడు సతీష్.

ఆమె కానిస్టేబులు వైపు తిరిగింది. "ఈయన కోసం ఇంకెవరైనా వచ్చేరాండీ?"

"ఎవరూ రాలేదమ్మా. మీరు కూడా కాదంటే రేపు మేమే పూడ్చేస్తాం."

సత్యదుర్గ వంగి ఆ పాదాలు తాకింది. తప్పు కాయమని మనసులోనే దండం పెట్టుకుంది. ఏడుపు అప్పుడొచ్చింది. ఆపుకోవాలనుకున్నా ఆగలేదు.

"ఆయ్," అంది చివరికి. "మా ఆయనేనండి."

సాయంత్రం అంబులెన్సు గోదారి దాటించే పంటు ఎక్కింది. అవతలి ఒడ్డున ఊరు ఊరంతా పోగయ్యి ఉంది. సతీష్ కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నయ్య దొరికేడని చెప్పేను వదినా. అమ్మ గొల్లుమని ఏడ్చిందంట. ఏడ్చేక మంచినీళ్ళు అడిగి తాగిందంట."

"తాగిందా," అంది సత్యదుర్గ. పంటు అంచుకి నడిచింది.

ఎవరూ చూడకుండా నడుం దగ్గర కొంగుముడి విప్పి, వేటకెళ్ళిన పొద్దున "వల లాగేసిందే, జాగ్రత్తగా దాచు, డాక్టరు గారు మళ్ళీ అతికిస్తారు" అంటూ ప్రసాద్ తన చేతిలో పెట్టిపోయిన నాలుగు పళ్ళ బ్రిడ్జిని గోదాట్లోకి జారవిడిచింది.