ఐదు పాసు

ఆఫీసు ముందు వరుసలో చివర నిలబడ్డ మనిషి తన అక్క అని దగ్గరికి వచ్చేదాకా బిచ్చయ్య పోల్చుకోలేదు. బుగ్గమ్మ ఉతికిన చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. మోచేతుల మీది నాపరాతి దుమ్ము మాత్రం ఎంత తోమినా పోయినట్టు లేదు.

"ఎందుకొచ్చినవక్కా?" అని మెల్లగా అడిగాడు.

"తాండూరు సంతల గోడకు కాగితం అంటిచ్చిన్రు తమ్మీ. బాలవాడిల పిల్లలకు అక్షరాలు చెప్పనీకె ఆడోళ్లు గావాల్నట. ఐదు పాసైతే సాలట."

బిచ్చయ్య ఇంకేమీ అడగకుండా టీ తేవడానికి పోయాడు.

వికారాబాద్‌లోని ఆ సర్కారు ఆఫీసులో అతను చప్రాసీగా చేరి నాలుగేళ్లయింది. ఐదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్ ఉందని తీసుకున్నారు. ఎండ లేదు, వాన లేదు. పండుగకు సెలవు, ఒంట్లో బాగాలేకపోతే సెలవు, ఒకటో తారీఖున జీతం. తాండూరు గనిలో బండలు మోసే అక్కకు ఆ వారం కూలి ఆ వారానికే. వానలు పడి గనిలో నీళ్లు నిండితే ఆ కూలి కూడా ఉండదు. ఆమె మగడు బండ కింద పడి కాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆమె ఎడమచేతి రెండు వేళ్లకు గోళ్లు లేవు. జీతం పుచ్చుకుంటూ సంతకం చేసే ప్రతిసారీ బిచ్చయ్యకు ఆ వేళ్లే కనపడేవి.

వాళ్లది దౌల్తాబాద్ పక్కన చిన్న పల్లె. తండ్రి దేవప్పకు గొర్ల మంద ఉండేది, ఇద్దరు పిల్లలుండేవారు. పదిహేనేళ్ల కిందట, 1952లో, ఊళ్లో బడి పెట్టి మగపిల్లల పేర్లతో పట్టీ రాశారు. పట్టీలో పేరున్నవాడు బడికి రాకపోతే ఇంటికి జుర్మానా వేస్తామన్నారు. దేవప్పకు పట్టీ అంటే భయం, మందను వదులుకోవాలన్నా భయమే. రెండు రోజులు ఆలోచించి, ఒకరిని బడికి, ఒకరిని మంద వెంట పంపాడు. ఐదేళ్లూ అలాగే గడిచాయి.

"నీకు సదువొచ్చింది, ఆమెకు రాలే. గది నీ తప్పెట్లయితది?" అనేది బిచ్చయ్య భార్య యాదమ్మ, అతను అక్క గురించి దిగులుపడ్డప్పుడల్లా. ఆ మాట వింటే అతను ముద్ద పళ్లెంలోనే వదిలి లేచేవాడు.

లోపల కుర్చీలో కూర్చున్నది అరుణాదేవి అనే కొత్త ఆఫీసరు. మంచి మనిషి అని పేరు. బిచ్చయ్య టీ పట్టుకుని వెళ్లేసరికి బుగ్గమ్మ ఆమె ఎదుట నిలబడి ఉంది.

"సర్టిఫికెట్ దగ్గర లేకపోయినా ఫరవాలేదమ్మా. ఏ బళ్లో చదివావో చెప్పు. ఉత్తరం రాసి నేనే తెప్పిస్తాను" అంటోంది ఆఫీసరు.

బుగ్గమ్మ నోరు తెరిచింది. అంతలో గ్లాసు బల్ల మీద పెడుతున్న తమ్ముణ్ణి చూసింది. టీ తొణికింది. బిచ్చయ్య తల ఎత్తలేదు. పైగుడ్డతో బల్ల తుడుస్తూ ఉండిపోయాడు.

"నేను బడికి పోలేదమ్మా" అంది బుగ్గమ్మ.

"మరి ఎందుకొచ్చావు?"

"ఊకెనే వచ్చిన."

ఆఫీసరు కాగితం మీద పేరు కొట్టేసి తర్వాతి మనిషిని పిలవమంది.

బిచ్చయ్య ఒక గంట సెలవడిగి అక్కతో స్టేషన్‌కు నడిచాడు. తాండూరు ప్యాసింజరు రావడానికి ఇంకా సమయముంది. ప్లాట్‌ఫారం చివర, గోడ నీడలో కూర్చున్నారు.

"నేనొక్క మాట అంటే నీకు నౌకరి దొరుకుతుండె అక్కా" అన్నాడు చివరికి. "నోరు రాలే."

"అంటే ఏమయితుండె? నీకు పెండ్లాం, పిల్లగాడు ఉన్నరు. జర గమ్మునుండు." బుగ్గమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాయిన జేసిన పని. నువ్వేం జేస్తవు, అప్పుడు నువ్వు ఇంతంత ఉంటివి."

"ఇప్పుడు పెద్దోన్నే గద."

బండి వచ్చింది. ఎక్కబోతూ బుగ్గమ్మ, పిల్లగాణ్ణి వచ్చే ఏడు తప్పకుండా బడికి వెయ్యమని చెప్పింది. బండి కదిలి వెళ్లిపోయాక కూడా బిచ్చయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడైనా ఆఫీసరు దగ్గరికి పోయి చెప్పేస్తే, అనుకున్నాడు. దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కున్నాడు. ఆఫీసు మెట్ల దాకా వచ్చేసరికి యాదమ్మ, పిల్లవాడు గుర్తొచ్చారు.

ఆలస్యమెందుకైందని అరుణాదేవి అడిగితే, పొద్దున వచ్చిన బుగ్గమ్మ తన సొంత అక్క అని, అంతవరకే చెప్పాడు.

ఆమె కలం పక్కన పెట్టింది. "అయ్యో. మీ నాన్న నీతోపాటు ఆమెను కూడా ఆ ఐదేళ్లు బడికి పంపి ఉంటే, ఇవాళ నీలాగే సుఖంగా ఉండేది కదయ్యా."

"అవునమ్మా" అని బిచ్చయ్య ఖాళీ గ్లాసులు తీసుకుని బయటికి వచ్చాడు.

ఆడపిల్లను అడవికి పంపలేక దేవప్ప మంద వెంట తోలింది కొడుకునే. పంతులు చూసీ చూడనట్టు ఊరుకుంటే, ఆ ఐదేళ్లూ బిచ్చయ్య పేరు పిలిచినప్పుడల్లా లేచి 'హాజర్' అన్నది బుగ్గమ్మ.