పాట అయ్యేదాకా

ముసలాయన రెస్ట్ షెడ్డులోకి వచ్చి, అరచేతిలో పట్టేంత స్పీకర్‌ను బల్లమీద పెట్టి, మీట నొక్కాడు.

షెడ్డు ఎగిరి పక్క సైట్లో పడలేదు గానీ, ఆ మోతకు పప్పుడబ్బాల మూతలు వాటంతటవే ఊడొచ్చాయి.

గిటార్లు. డ్రమ్ములు. మధ్యలో గొంతు చించుకుంటున్న కుర్రాళ్ళు.

గల్ఫ్‌లోని అల్ తుమామాలో ఒక బిల్డింగుకు ఇనుము కడుతున్న ఇరవై నాలుగు మందీ తినడం ఆపి చూశారు.

"ఎవలీయన?" అన్నాడు గజేందర్.

"జపాన్ ఆయనంట. తెల్ల హెల్మెట్ పెట్టుకున్యాడంటే పెద్దోడే అయ్యుంటాడు," అన్నాడు కడప దస్తగిరి.

గజేందర్ దగ్గరికెళ్ళి స్పీకర్‌వైపు వేలు చూపించాడు.

"స్ప్రింగ్," అన్నాడు ముసలాయన నవ్వుతూ. "న్యూ స్టార్ట్."

పాపం ఆయన చెప్పింది వసంతం గురించి. వాళ్ళ దేశంలో చదువు ముగిసేదీ, కొత్త కొలువులో చేరేదీ సకురా పూలు పూసే ఆ రోజుల్లోనే. ఆ పాటలు అందుకు.

గజేందర్‌ది జగిత్యాల. స్ప్రింగ్ అంటే అతనికి తెలిసింది బండి కింద ఉండేదే.

"స్ప్రింగ్ పాటలట," వచ్చి ప్రకటించాడు. "కిందికి నొక్కితే మీదికి లేస్తదని అర్థం."

"మరి సాకురా సాకురా అంటాండాడే? ఎవుర్ని సాకల్లంట?"

"నిన్నే, దస్తగిరి భాయ్. పెద్దమనిషివి, జర మంచిగ సాకమంటుండు."

నిజానికి దస్తగిరిని ఎవరో ఒకరు సాకాల్సిన రోజులే అవి. స్లాబు తొందరని సూపర్‌వైజర్ ముజఫ్ఫర్ అలీ గంట భోజన విరామాన్ని అరగంటకు కోసేశాడు. మూడో రోజే దస్తగిరి కళ్ళు తిరిగి ఇనుప కట్టల మీద పడ్డాడు. ఇంకోసారి పడితే ఊరికి పంపిస్తానన్నాడు ముజఫ్ఫర్ అలీ.

అరగంటలో అన్నం తినొచ్చు. యాభై ఏడేళ్ళ నడుము వాల్చలేం.

సరిగ్గా అరగంటకు విజిల్ మోగింది.

"యల్లా! లేవుండ్రి!"

గజేందర్ నోటికి ఆ క్షణాన ఏది దొరికితే అదే వచ్చింది.

"పాట కాలే సార్."

"అయితే ఏందిర బై?"

"స్ప్రింగ్ పాట సార్ ఇది. నడుమల లేస్తే స్లాబుకు పర్రెలొస్తయట. ఈ సారు టోక్యోల పెద్ద కన్సల్టెంటు. గంటసేపు పాటలినాలని ఆయన ఆర్డర్."

ఒంటెపాల ఐస్‌క్రీమ్ తింటే అరబ్బీ వస్తుందని క్యాంపులో నలుగుర్ని నమ్మించినవాడు గజేందర్. వాళ్ళలో ఇద్దరు ఇంకా తింటూనే ఉన్నారు.

కానీ ముజఫ్ఫర్ అలీ హైదరాబాదువాడు. అంత తొందరగా పడడు. నేరుగా వెళ్ళి ముసలాయన ముందు నిలబడ్డాడు.

"యూ కన్సల్టెంట్? వన్ అవర్, యువర్ ఆర్డర్?"

ముసలాయన లేచాడు. అతణ్ణి చూశాడు. పడుకోబోయి మధ్యలో ఆగిపోయిన దస్తగిరిని చూశాడు. నడుము వంచాడు.

"హాయ్."

ముజఫ్ఫర్ అలీ మొహం సిమెంటు రంగుకు తిరిగింది. విజిల్ జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు.

"ఒక్క హాయ్ చెప్తెనే ఉరికిండు!" గజేందర్ పొట్ట పట్టుకున్నాడు. "తాతకు ఏమడిగిండో సుత సమజ్ కాలే, పాపం!"

ఆ తర్వాత మార్చి నెలంతా ముసలాయన రోజూ వచ్చాడు. గంటసేపు పాటలు. దస్తగిరి గురక ఒక్కసారి కూడా డ్రమ్ముల తాళం తప్పలేదు. గజేందర్ రోజుకో కొత్త అర్థం చెప్పాడు.

ఆయన తెచ్చిన బిస్కెట్లు అందరూ తిన్నారు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ ఒకటిన బల్ల ఖాళీగా ఉంది.

అరగంటకు విజిల్ మోగింది. "మీ సారు పోయిండు. యల్లా!"

దస్తగిరి మోకాలు పట్టుకొని లేవబోయాడు. గజేందర్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"పాట కాలే సార్."

"ఏడుందిర పాట?"

గజేందర్ గొంతెత్తాడు. "సాకురా ఆ ఆ..."

రాగం జగిత్యాలది, ఊపు జపానుది. వెనక వరుస అందుకుంది. ఇరవై నాలుగు గొంతులు, తమకొచ్చిన ఒకే ఒక్క మాటను పట్టుకొని, రేకులు అదిరేలా పాడాయి.

ఒక్కడూ లేవలేదు.

ముజఫ్ఫర్ అలీ పుస్తకం తీసి ఒక పేరు రాశాడు. పాట పెద్దదైంది. రెండో పేరు రాశాడు. ఇంకా పెద్దదైంది. అందర్నీ ఊరికి పంపితే స్లాబు తనొక్కడే వేసుకోవాలని తట్టినట్టుంది. పుస్తకం మూసి బల్లమీద కూలబడ్డాడు.

"సరే, గంటనే తీసుకోండ్రి. ముసలోడు చెప్పిన అబద్ధానికి నెలరోజులు సలాం కొట్టిన."

"ఆయన చెప్పుడేంది సార్? చెప్పింది నేను. తాత ఉత్త హాయ్ అన్నడు."

"జపానోళ్ళ కాడ రెండేండ్లు చేసిన్ర నేను. వాళ్ళ భాషల హాయ్ అంటే అవును."

గజేందర్ బల్ల దగ్గరికొచ్చాడు.

"మరి... ఎవలు సార్ ఆయన?"

ముజఫ్ఫర్ అలీ విజిల్ జేబులో వేసుకొని, పొద్దున ఆఫీసులో తెలిసిన సంగతి చెప్పాడు.

"కాంక్రీటు పంపు రిపేరుకొచ్చిన మెకానిక్, నాకు హాయ్ చెప్పిన రోజే పని ఒడిసింది, గేటు పాస్ ఉన్నన్ని దినాలు సొంత సెలవు పెట్టుకొని మీ కాడికొచ్చి కూసున్నడు."