నదికి చెప్పి దిగండి

"గోగో, ఈ రేకు పెట్టె లారీ ఎక్కదు. గుడ్డ సంచులే తెమ్మన్నారు కదా," అంది తొకోజిలే. ఆమె భాషలో గోగో అంటే అవ్వ.

"పెట్టె వద్దంటే నువ్వే సర్దు, పిల్లా," అంది ముసలామె, యాత్రికుల లారీ మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటూ.

కేప్‌టౌన్‌లో అప్పుడే తెల్లవారుతోంది. తొకోజిలే గొణుక్కుంటూ సామాను గుడ్డ సంచిలోకి మార్చింది. ఒక నల్ల గౌను, మేకతోలు దుప్పటి, మసి పట్టిన కెటిల్. అంతే.

"విక్టోరియా జలపాతం దాకా మూడు వారాలు. ఇవి సరిపోతాయా?"

"నాకు చాలు."

ముసలామె పేరు ద్రికా స్వార్ట్‌బోయ్. ఒంటరిగా వచ్చింది. మిగతా ప్రయాణికులంతా సముద్రాలు దాటి వచ్చిన కుర్రకారు.

తొకోజిలేకి వంటమనిషిగా ఇదే మొదటి యాత్ర. ఒక్క ఫిర్యాదు వచ్చినా పని మానేసి సొంతూరు బులవాయో బస్సు ఎక్కాల్సిందేనని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. అక్కడ ఆమె ఇద్దరు పిల్లలు ఈ ఉద్యోగం మీదే బతకాలి.

లారీలో రోజూ సీట్లు మారాలి. ముసలామె మారలేదు.

"ఈ కిటికీ నాది," అంది.

తిన్న పళ్ళాలు కడిగి, అందరూ గుండ్రంగా నిలబడి, ఆరేదాకా గాలిలో ఊపాలి. ముసలామె ఊపలేదు.

"నేనేమన్నా కోడినా, రెక్కలు కొట్టుకోడానికి?"

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం మూతి ముడిచింది.

డ్రైవర్ డుమిసాని తొకోజిలే చెవిలో అన్నాడు. "చెల్లీ, ఈవిడ మనిద్దరి నోటికాడ కూడు తీసేసేలా ఉంది."

రెండో రోజు మధ్యాహ్నం ఆరెంజ్ నది ఒడ్డున గెరిట్ అనే ఆసామి పొలంలో మజిలీ. గుడారాలైనా వేయకుండా కుర్రాళ్ళు కేకలేస్తూ నీళ్ళవైపు పరుగెత్తారు.

ముసలామె వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"ఆగండర్రా! నదికి చెప్పకుండా దిగుతారా? లోపల పెద్దపాము ఉంది. కొత్త వాసన దానికి గిట్టదు."

వంగి తడి మట్టి తీసి ఒక్కొక్కరి నుదుటికి రాసింది. నాలుక టక్కుమనిపించే తన భాషలో వాళ్ళ పేర్లు నదికి చెప్పింది. మూతి ముడిచిన అమ్మాయి కూడా వచ్చి వరసలో నిలబడింది.

గెరిట్ విసవిసా వచ్చాడు. "ఎవరీమె? ఇక్కడ మంత్రాలూ మాయలూ కుదరవు."

ముసలామె గట్టు వెంట నడిచి, అడ్డంగా కట్టిన ఇనుప గొలుసు దాటి, అక్కడున్న రాళ్ళ కుప్పల మధ్య చతికిలబడింది.

"ఏయ్! అటు ఎవరూ వెళ్ళకూడదు. అది నా నేల. లే!"

"లేవను."

"బాస్‌తో మాట్లాడే పద్ధతేనా ఇది?"

"బాసా? ఎవరికి?"

గెరిట్ ముఖం కందిపోయింది. తొకోజిలే వైపు తిరిగాడు. "పొద్దునకల్లా ఈమెను తీసుకుపోకపోతే మీ కంపెనీ లారీలు మళ్ళీ ఈ గేటు దాటవు."

తొకోజిలే మొక్కజొన్న సంకటి, మాంసం కూర పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది.

"గోగో, నీకు దణ్ణం పెడతా, లే. నా ఉద్యోగం పోతుంది."

"పొమ్మంటే పోతావా?"

"పోక ఏం చేస్తాను?"

"మనకి అదే నేర్పారు," అంది ముసలామె, ముద్ద చేసుకుంటూ. "కూరలో ఉప్పు తగ్గింది."

తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. ముసలామె మేకతోలు కప్పుకుని అక్కడే కూర్చుని ఉంది. లారీ దేశ సరిహద్దు దాటాల్సిన వేళ అవుతోంది.

డుమిసాని ఒక చెయ్యి, తొకోజిలే ఒక చెయ్యి పట్టుకుని లాగారు.

"చెయ్యి వదులు, పిల్లా. నొప్పి పెడుతోంది."

తొకోజిలే వదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. ముసలామె పక్కనున్న రాయిని కావలించుకుంది.

ముందు వదిలేసింది డుమిసానియే. "ఇక పోలీసులే చూసుకుంటారు. పద."

తొకోజిలే సంచి తెచ్చి గొలుసు దగ్గర పడేసింది.

"పిచ్చి ముసలిది!" అంది, గెరిట్‌కు వినపడేలా.

లారీ కదిలింది. ఆ కిటికీ దగ్గర ఎవరూ కూర్చోలేదు.

తిరుగు ప్రయాణంలో చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది. లోపల గాడిద బళ్ళు, పాత కార్లు, పిల్లాపాపలతో ఆడవాళ్ళు. ఎవరో పాడుతున్నారు. గెరిట్ తన వరండాలో ఒక్కడే నిలబడి చూస్తున్నాడు.

"ఎవరు వీళ్ళంతా?" తొకోజిలే గేటు కాపలావాణ్ణి అడిగింది.

"మీతో వచ్చిన ముసలమ్మ తాలూకు వాళ్ళు. ఇన్నేళ్ళూ వీళ్ళని ఆపింది నేనే. యాత్రికుల లారీల్ని తప్ప ఎవర్నీ వదలొద్దని గెరిట్ ఆర్డరు."

"మరి ఇప్పుడు?"

"సమాధులకి వచ్చారు. అవి వట్టి రాళ్ళ కుప్పలని కోర్టులో కూడా వాదించాడు. కొత్త సమాధిని ఎలా కాదంటాడు? సమాధికి వచ్చేవాళ్ళని ఆపితే చట్టం ఊరుకోదు."

"కొత్తదా?" అంది తొకోజిలే. ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వెళ్ళి దాక్కుంది.

ఈ గట్టు మీదే పుట్టి, చిన్నప్పుడే తనవాళ్ళతోపాటు గెంటివేతకు గురై, మూసిన గేటును యాత్రికురాలి టికెట్టుతో దాటిన ద్రికా స్వార్ట్‌బోయ్ మళ్ళీ కేప్‌టౌన్ రాలేదు. ఆగస్టు తొమ్మిదిన, లారీ సరిహద్దు దాటిన నాడే, తల్లి సమాధి పక్కన చనిపోయి, అక్కడే సమాధి అయింది.