మీటరు కదలని కారు

“కారు చచ్చిపోయింది మామయ్యా. చంపినవాడెవడో ఇవాళ నీ ముందే తేలాలి,” అన్నాడు అన్న, బానెట్ మీద అరచేత్తో చరుస్తూ.

తమ్ముడి వైపు అతను చూడనైనా చూడలేదు. చూడదగ్గ సరుకు కాదని అతని లెక్క. తాను ఊళ్ళో సగం గోడలకు రంగులు అమ్మిన వ్యాపారి. తమ్ముడు బకెట్లూ మగ్గులూ బండి మీద వేసుకుని వీధులు తిరిగే రకం. ఇద్దరూ ఒక కడుపున పుట్టారంటే జనం నమ్మరని నలుగురిలో నవ్వుతూ అంటుంటాడు.

పంపకాల్లో తెగకుండా మిగిలినవి రెండే. ఒకటి ఈ కారు, రెండోది అది నిలబడి ఉన్న రేకుల షెడ్డు. షెడ్డు తలుపు తీస్తే ఎదురుగా బజారు. తాళంచెవులు చెరొకటి ఉంచుకోమనీ, రెండోవాడికి చెప్పకుండా ఎవడు కారును ముట్టుకుంటే వాడి వాటా పోయినట్టేననీ మేనమామ అప్పట్లోనే కట్టడి చేశాడు. ఒకడు నోరు విప్పి రెండోవాణ్ణి అడగాలి కదా. అడగలేదు. కారు గడప దాటలేదు.

వానలు మొదలయ్యాక మేనమామ వేయించిన కొత్త బ్యాటరీ ఇది. అప్పుడే చేతులెత్తేసింది.

మెకానిక్ చెమ్మ నేల మీద గోనెపట్టా పరుచుకుని పని మొదలుపెట్టాడు. తెచ్చిన బ్యాటరీ ఒకటి తగిలించి, మధ్యలో కరెంటు కొలిచే మీటరు కలిపి, తలుపులన్నీ వేసి కూర్చున్నాడు. కారు పూర్తిగా నిద్రపోయేదాకా ఆగాలన్నాడు. ఆ తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. ముల్లు కదల్లేదు.

ఈలోగా అన్న ఊరుకోలేదు. ఆ బకెట్ల వ్యాపారి కిలోమీటర్ల తీగ పీకేసి కారును ఊరంతా తిప్పుతున్నాడని మేనమామకు వినిపించాడు. అంత తెలివి వీడికి లేదు, ఎవడో చెప్పి చేయించి ఉంటాడని కూడా కలిపాడు. తమ్ముడు గోడకు ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

“బండిలో లోపం లేదండీ,” అన్నాడు మెకానిక్ లేచి. “కరెంటు ఎక్కడా కారిపోవడం లేదు. ఎవరో రోజూ లోపల కూర్చుని తాళంచెవి తిప్పుతున్నారు.”

“తిప్పితే?” అన్నాడు మేనమామ.

తాళంచెవి తిప్పగానే కారులో ఉన్నవన్నీ ఒకేసారి మేలుకుంటాయని మెకానిక్ వివరించాడు. తిప్పినవాడు ఇంజను స్టార్ట్ చేయకుండానే దిగిపోతున్నాడు. వాడింది వాడినట్టే పోతోంది, ఇంజను తిరగక మళ్ళీ ఎక్కేది సున్నా. రోజూ ఇదే తంతు అయితే ఎంత కొత్త బ్యాటరీ అయినా చావక ఏం చేస్తుంది?

అన్న చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. రోజూ తెల్లారి దుకాణానికి వెళ్ళేముందు లోపల కూర్చుని తాళంచెవి తిప్పేది తనే. తమ్ముడు దొంగచాటుగా తోలాడేమోనని. తిప్పితే తప్ప కిలోమీటర్ల అంకె వెలగదు మరి. అంకె ఏనాడూ మారలేదు. అలాగని చూడడం మానితే ఆ మర్నాడే వాడు తోలడని నమ్మకమేమిటి?

“ఎవర్రా అది?” అన్నాడు మేనమామ.

“నేనే మామయ్యా,” అన్నాడు తమ్ముడు.

అన్న తలెత్తాడు.

“రోజూ పొద్దున్నే కూర్చుని కిలోమీటర్లు చూస్తా. అన్నయ్య తోలాడేమోనని. కారు ఇక అన్నయ్యదే.”

అన్నకు లోలోపల నవ్వు పొంగుకొచ్చింది. అచ్చం తన పనే వాడూ చేశాడు. కానీ వాడికి నోరు మూసుకోవడం రాలేదు. తూకం తెలియనివాడికి వ్యాపారమెందుకు, వాటాలెందుకు?

“మరి నువ్వో?” అంటూ మేనమామ చూపు ఇటు తిరిగింది. “నువ్వెప్పుడూ ముట్టుకోలేదు కదా?”

“నాకంత తీరికెక్కడిది మామయ్యా,” అన్నాడు అన్న.

మేనమామ ఇంకా ఏదో అడగబోతుంటే తమ్ముడు అడ్డొచ్చాడు. కారు ఎలాగూ పోయింది, ఈ షెడ్డయినా తనకు వదిలెయ్యమన్నాడు. బకెట్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదట.

ఇంకొక్క ప్రశ్న పడకముందే బేరం ముగించాలి. నాలుగు తుప్పు రేకులు, చెమ్మ నేల, పందికొక్కులు. అటు చూస్తే నిక్షేపంలాంటి కారు. అన్న లెక్క చిటికెలో తేలిపోయింది.

“తీసుకోరా. నీ బకెట్లకి ఇదే మహారాజ భవనం.”

“మాట మాటే కదా అన్నయ్యా?”

“మామయ్య సాక్షి.”

“అయితే సాయంత్రానికి కారు తీయించెయ్. రేపు బోర్డు కట్టేవాడు వస్తాడు,” అని తమ్ముడు మేనమామ చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిపించాడు.

బోర్డేమిటో అన్నకు అర్థం కాలేదు. దాని సంగతి తర్వాత. ముందు కొత్త బ్యాటరీ బిగించమని మెకానిక్‌కు పురమాయించాడు.

“దండగ సార్,” అన్నాడు మెకానిక్, గోనెపట్టా మడుస్తూ. “కదలకుండా చెమ్మలో నిలబెట్టారు కదా, అడుగంతా తుప్పు తినేసింది. రోడ్డెక్కితే రెండు ముక్కలవుతుంది. ఎంత పలుకుతుందో చూడమని తమ్ముడుగారు పోయిన వేసవిలో నన్ను పిలిచారు. పాత ఇనుము వాడు కూడా వద్దన్నాడని అప్పుడే చెప్పాను.”

అన్న వీధిలోకి పరుగెత్తబోయి ఆగి, కనీసం వాడి దగ్గరున్న తాళంచెవి అయినా లాక్కురమ్మని మెకానిక్ మీద అరిచాడు.

మెకానిక్ తన గుత్తిలోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

“తమ్ముడుగారిది ఇదే సార్. ఆ వేసవి నుంచీ నా దగ్గరే ఉంది.”