బూడిద చాట

“గడప దాటొద్దు. ఆడనే నిలబడు,” అంది కమలాక్షమ్మ.

కృష్ణమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి నీళ్లు పోసినవి ఆ ముసలి చేతులే. కమలాక్షమ్మ కూతురు ఓబులమ్మకూ ఆమే పోసింది. ఇప్పుడు ఓబులమ్మ పుట్టింట్లో పురుడు పోసుకుని పడుకుని ఉంది. ఆమె కొడుకు లోపల గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

“బిడ్డకు నీళ్లు పోసేకి నేనుండాను. నువ్వు పో.”

“పోతాలేమ్మా. పిల్లోడు దగ్గుతాండాడా?”

కమలాక్షమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. బిడ్డ ఏడుస్తుంటే ఎందుకేడుస్తున్నాడని అడుగుతారు ఎవరైనా. దగ్గు సంగతి ఈమెకెందుకు? తలుపు ధడాలున వేసి గడియ పెట్టింది.

“పాపం, ముసల్ది,” అన్నాడు ఆమె మొగుడు శేషయ్య.

“పాపమా? ఇద్దరు కన్నబిడ్డల్ని మింగిన మనిషి! మొదటి యుద్ధం అయిపోయినప్పుడు పెద్ద జరం వచ్చింది సూడు, దాంట్లో ఒకని యెనకాల ఒకడు పోయినారంట. తల్లికి మాత్రం ఏమీ కాలే. ఎట్లంటావ్?”

“రామమ్మ చెప్పిందా?”

“చెప్తే? అబద్ధమా?”

పక్కింటి రామమ్మ చెవిన ఒక మాట పడిందంటే ఊరికి దండోరా వేసినట్టే.

అసలు దండోరా కూడా పడింది ఆ ఊళ్లో, కొన్ని వారాల కిందట, ఈ యాభై ఏడు ఎండాకాలంలోనే. నంద్యాలలో కొత్త జరం పట్టుకుందనీ, అది ఆళ్లగడ్డ దావన వస్తోందనీ టీకాల దేవసహాయం సైకిలు మీద వచ్చి తప్పెట కొట్టించాడు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమన్నాడు. కనబడినచోటల్లా ఉమ్మొద్దన్నాడు. చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దన్నాడు. ఒకరి చుట్ట ఇంకొకరు తాగొద్దన్నాడు.

“చుట్ట గూడా పంచుకోకుంటే ఇంగ మనమేం అన్నదమ్ములం సారూ?” అని చావిడి చావిడంతా నవ్వింది. శేషయ్యయితే ఆయన ముందరే తుపుక్కున ఉమ్మి, “ఇదో, మా ఊరి జరం. పట్టుకపో,” అన్నాడు.

జనం వెళ్లిపోయినా కృష్ణమ్మ ఒక్కతే నిలబడి ఉంది. “ఉమ్మి మీద బూడిద పోస్తే సాలునా నాయనా?” అని అడిగింది. బిందెతో పోతున్న కమలాక్షమ్మ ఆ మాట చెవులారా విన్నది. ఈ ముసలిదానికి ఊరి ఉమ్మితో ఏం పని?

వారం తిరక్కముందే జవాబు దొరికింది. రామమ్మ ఒగర్చుకుంటూ వచ్చి చెవిలో ఊదింది.

“అక్కా, కృష్ణమ్మ ఉమ్మి ఏరుకుంటాంది. చేతబడికంట! దగ్గినప్పుడు ఒక్క తుంపర కిందపడినా సాలంట. ఎంగిలి చెంబు దొరికినా సాలంట. యాడాడనో మందు పూస్తాదంట, బయట దాన్ని ముట్టుకుని ఆ చేత్తోనే కూడు తింటే కడుపులోకి పోతాదంట!”

మర్నాడు తెల్లవారుతూనే కమలాక్షమ్మ కళ్లారా చూసింది. చావిడి ముందర కృష్ణమ్మ వంగి, చాటలోంచి బూడిద చల్లి, పెంకుతో గీకి, మళ్లీ చాటలోకి ఎత్తుకుంటోంది. కమలాక్షమ్మ వెనక్కి తిరిగి ఇంటికి పరుగెత్తింది.

ఆ పొద్దునుంచి ఊరి నడవడే మారిపోయింది. చావిడిలో ఎవడి చుట్ట వాడిదే. దగ్గు వస్తే మగవాళ్లు పైగుడ్డను, ఆడవాళ్లు కొంగును నోటికి అదిమిపెట్టుకునేవాళ్లు. ఉమ్మాలంటే పెరట్లో గుంత తీసి ఉమ్మి, మన్ను కప్పేవాళ్లు. ఇంట్లో ఎవరి చెంబు వాళ్లదే. వీధిలోంచి వచ్చినవాళ్లు కుంకుడు నురగతో చేతులు తోముకోందే వంటింటి వైపు చూసేవాళ్లు కాదు. అంతగా నవ్విన శేషయ్య కూడా, కాస్త దగ్గు తగిలేసరికి, తన తుంపర దొరికితే మనవడికే ముప్పని ఎద్దుల కొట్టంలో పడక వేసుకున్నాడు.

అయినా కమలాక్షమ్మ మనసు కుదుటపడలేదు. “ఆ మనిషి ఊళ్లో ఉన్నంతకాలం నా మనవడు దక్కడు. ఊరు దాటించండి,” అని పోరు పెట్టి పంచాయితీ కూర్చోబెట్టింది. అది ఈ సాయంత్రమే.

ఎండ దిగుతుండగా వాకిట్లో సైకిలు గంట మోగింది. దేవసహాయం దిగాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

“చుట్టుపక్కల ఊర్లలో ఇంటింటా మంచాలేనమ్మా. పసిబిడ్డలు నిలవడం లేదు. మీ ఊర్లో మాత్రం ఒక్క పాడె లేయలేదు. నా దండోరా ఈడన్నా పనిచేసింది.”

“నీ దండోరా ఎవురిన్నారు సారూ?” అని కమలాక్షమ్మ మూతి తిప్పింది. “మేము కృష్ణమ్మకు బయపడి బతికినాం.” ఉమ్మి సంగతి, చెంబుల సంగతి, చేతబడి సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది. “ఇంక ఆ బాధా తప్పుతాది. పొద్దు గుంకేలోగా ఆమెను పొలిమేర దాటిస్తారు.”

దేవసహాయం సైకిలు గోడకు ఆనించాడు.

“ఆమె చేతబడి చేస్తుందని నీకెవరు చెప్పినారమ్మా?”

“ఇదో, ఈ రామమ్మ.”

అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్న రామమ్మ చేయి ఆగింది.

“నీకెవరు చెప్పినారు?”

“చెప్పకూడదు సారూ. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టు ఏయించుకుంది.”

చావిడి దగ్గర తప్పెట మోగింది. పెద్దమనుషులు చేరుతున్నారు. లోపల మనవడు ఆవులించి, హాయిగా మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు.

“ఎవురే ఆ ఒట్టు ఏయించుకున్నది? చెప్పు!” అని కమలాక్షమ్మ గద్దించింది.

“కృష్ణమ్మే,” అంది రామమ్మ.