వెనక్కి చూడకు

సైకిల్ షాపు ముందు స్కూటర్ ఆగింది. దాని మీదున్న మనిషి దిగలేదు. హెల్మెట్ తీయలేదు. ఆమె వైపే చూస్తున్నాడు.

ఆమె చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది.

మెకానిక్ ఇప్పుడే చెప్పాడు. నిన్న సాయంత్రం ఈ రోడ్డులోనే ఎవడో స్కూటర్ మీద వచ్చి, నడిచి వెళ్తున్న ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుపోయాడట. ఆవిడ పడి చెయ్యి విరగ్గొట్టుకుందట. వెనక చక్రానికి గాలి కొడుతూ ఆ కబురు కాస్తా చెవిన వేసి, ఫోను మోగితే లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె దర్జీ. పని ముగించుకుని, బడి నుంచి కూతుర్ని తీసుకుని సైకిల్ మీద ఇంటికి వెళ్లడం రోజూ ఉన్నదే. ఆమె చిన్నప్పుడు ఈ రోడ్డంతా సైకిళ్లే. బడి వదిలితే బెల్లుల మోతకు చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు ఈ దారిలో సైకిల్ అంటే ఆమెదీ, పేపర్లు వేసే ముసలాయనదీ. బళ్లవాళ్లు పక్కకు జరగమని హారన్ కొట్టడమే గానీ, ఆమె మొహం చూసిన పాపాన పోలేదు. అలాంటిది ఇవాళ ఒకడు బండి ఆపి మరీ చూస్తున్నాడు.

పక్కనే కూతురు మూతి ముడుచుకుని నిలబడింది. ఇంట్లో అందరూ దాన్ని బుడంకాయ అంటారు. తనకూ ఒక చిన్న సైకిల్ కావాలని కొన్నాళ్లుగా ఒకటే పోరు. ఈ బళ్ల మధ్య నువ్వు తొక్కితే నా పై ప్రాణాలు పైనే పోతాయి, పెద్దయ్యాక చూద్దాం అని తల్లి. పెద్దదాన్ని అయిపోయానని కూతురు. చివరికి, ఇక జన్మలో నీతో మాట్లాడనని బడి గేటు దగ్గరే ఒట్టు పెట్టేసుకుంది.

ఆమె సైకిల్ ఎక్కి, ఒక కాలు నేలకు ఆనించింది.

"ఎక్కు, తొందరగా."

వెనక క్యారియర్ ఊగింది. ఆమె తొక్కేసింది.

మలుపు తిరిగిందో లేదో, వెనక స్కూటర్ చప్పుడు. ఏదో అరుస్తున్నాడు. బళ్ల రొదలో "ఆగు" అన్న ఒక్క మాటే వినబడుతోంది. ఓరగా తల తిప్పింది. మసక చీకట్లో కళ్లు చెదిరే లైటు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"బుడంకాయా, వెనక్కి చూడకు. నన్ను గట్టిగా పట్టుకో."

జవాబు లేదు. పంతం పట్టిందంటే అంతే, అచ్చం వాళ్ల నాన్న. అదీ మంచిదే అనుకుంది. ఇప్పుడు పిల్ల ఏడిస్తే తన గుండె ఆగిపోతుంది.

కూరగాయల బళ్ల సందులోకి తిప్పింది. తడి నేల మీద చక్రం జారింది, ఎలాగో నిలదొక్కుకుంది. ఎవరో తిట్టారు. స్కూటరూ సందులోకి తిరిగింది. ఎవర్నైనా కేకేద్దామంటే ఆగాలి, ఆగితే దొరికిపోతుంది.

సందు దాటితే మిట్ట. రోజూ అక్కడ దిగి, పిల్లను కూర్చోబెట్టి, ఆయాసపడుతూ సైకిల్ నెట్టుకుంటూ వెళ్తుంది. ఇవాళ దిగలేదు. లేచి నిలబడి తొక్కింది. భయం కాళ్లకు ఇంత బలమిస్తుందని ఆమెకు తెలియదు.

"ఇంకెంత, వచ్చేశాం. నేనున్నాగా, నీకేం కాదు," అంటూనే ఉంది. ఆ మాటలు కూతురికో, తనకో.

మిట్ట మీద చైను ఊడింది. పెడళ్లు ఉత్తినే తిరిగాయి. సైకిల్ ఆగిపోయింది. అటు గోడ, ఇటు గోడ. నరమానవుడు లేడు.

స్కూటర్ వచ్చి అడ్డంగా ఆగింది. లైటు సూటిగా ఆమె కళ్లలో పడుతోంది.

పారిపోవడానికి దారి లేదు. సైకిల్ దిగితే పిల్ల వాడికి చిక్కుతుందని దిగలేదు. రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, మెడలో గొలుసు తీసింది. వాళ్లమ్మ ఇచ్చింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దాన్ని ముందుకు చాచింది.

"తీసుకో బాబూ. నా బిడ్డ జోలికి మాత్రం రాకు. నీకు దణ్ణం పెడతాను."

అతను లైటు ఆర్పాడు. హెల్మెట్ తీశాడు. నెరిసిన జుట్టు, చెమటలు కారుతున్న మొహం. ఆమె తండ్రి వయసుంటుంది.

"మెకానిక్ కోసం షాపు దగ్గర ఆగినవాణ్ణి, నాకు గొలుసెందుకమ్మా," అన్నాడు రొప్పుతూ.

అతని రెండు చేతుల మధ్య, స్కూటర్ మీద ముందువైపు, సైకిల్ ఎక్కబోతుంటే ఊడిపోయిన చెప్పు ఒకటి పట్టుకుని, తల్లివైపు చూడకుండా నిలబడి ఉంది బుడంకాయ.