ఈల పడేలోగా

"మొదటి ర్యాంకు మీ మరదలిదమ్మా. ముందు ఆ అమ్మాయి కోరుకుంటుంది. మిగిలింది నీది," అన్నాడు ఈల మాస్టారు. మంటలార్పే పని నేర్పిన ఆయన మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి ఆ పేరు.

వదినకు కడుపులో భగ్గుమంది. ఆర్పడం నేర్చుకున్న మంటల్లో ఆ రకం లేదు.

మైదానంలో రెండు ఫైరింజన్లు నిలబడి ఉన్నాయి. ఒకటి నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద స్టేషన్‌ది. తళతళలాడుతోంది. దాని వీపు మీద మడిచిన నిచ్చెన చాపితే ఎనిమిదో అంతస్తు కిటికీ తలుపు తట్టగలదు. రెండోది ఊరి చివరి చిన్న స్టేషన్‌ది. రంగు వెలిసింది. ఒక పక్క తలుపు తాడుతో కట్టి ఉంది. రెండు చోట్లా ఖాళీ ఒక్కొక్కటే. కాగితాలూ సంతకాలూ తర్వాత సంగతి. ముందు ఎవరికి ఏ స్టేషన్ కావాలో ఆ బండి పక్కన వాళ్ల బూట్లు పెట్టాలి. మాస్టారు ఈల వేసేదాకా మార్చుకోవచ్చు. ఈల పడ్డాక బూట్లు ఎక్కడుంటే ఉద్యోగం అక్కడే.

శిక్షణలో చేరిన రోజునుంచీ వదిన కన్ను ఆ నిచ్చెన మీదే. దాని కొసన నిలబడి గొట్టం పట్టుకోవాలి. కింద జనమంతా తలలెత్తి చూస్తుండగా నీళ్లు కొట్టాలి. తాడు ఎక్కే పరీక్షలో చేయి జారి అరక్షణం వెనకబడింది. ఆ అరక్షణం మరదలు కొట్టేసింది. ఇక అత్తగారైతే నిన్నటినుంచీ వీధిలో కనపడ్డ వాళ్లందరికీ "మా అమ్మాయి ఫస్టు, కోడలు సెకండు" అని చెబుతోంది. 'సెకండు' అనేటప్పుడు గొంతు తగ్గిస్తోంది.

ఎప్పుడూ ఇంతే. తను జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే మరదలూ కత్తిరించుకుంది. తను నీలం గొడుగు కొంటే మరదలికీ నీలమే కావాల్సి వచ్చింది. తను ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే "నేనూ పెడతా వదినా" అని వెంటపడింది. పడితే పడింది, ర్యాంకు కూడా ఎగరేసుకుపోయింది. తను చేయి చాపిన ప్రతిదాని మీదా దాని కన్నే!

'అయితే నేను చిన్న బండికి చేయి చాపితే?' అనుకుంది వదిన.

మరదలు కుళాయి దగ్గర రబ్బరు చెప్పులతో నిలబడి మొహం కడుక్కుంటోంది.

"బూట్లేవే మహారాణీ?"

"ఉన్నాయిలే వదినా."

"ఉన్నాయిలే అంటే? తుడవమని మీ అన్నయ్యకిచ్చావా?"

"బాగుంది! వాడు తన బూట్లే తుడుచుకోడు, నావి తుడుస్తాడా?" అని పకపకా నవ్వింది మరదలు.

ఆ నవ్వుకు వదినకు ఒళ్లు మండింది. ఎక్కడో దాచిపెట్టి ఉంటుంది, ఆఖరి నిమిషంలో పెద్ద బండి పక్కన పెట్టి తన మొహం చూడటానికి. వదిన తిన్నగా చిన్న బండి దగ్గరికి నడిచి, దాని సొట్టపడ్డ ముక్కు నిమిరింది.

"ఎంత ముద్దుగా ఉందో!" అంది, కుళాయి దాకా వినపడేలా.

బండి అవతలి పక్కన అద్దం తుడుస్తున్న ముసలి డ్రైవరు తల బయటపెట్టాడు. "ఈ ఏడు మా బండికి కళ వచ్చిందమ్మా," అని ముసిముసిగా నవ్వాడు.

పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది అనుకుంది వదిన.

మరదలు మొహం తుడుచుకుంటూ వచ్చేసింది. "నీకు ఇది నచ్చిందా?"

"నచ్చకేమే! పెద్ద స్టేషన్‌లో ఏముంది? కొత్తవాళ్లంటే తడి గొట్టాలు చుట్టడం, పాతవాళ్ల హెల్మెట్లు కడగడం. మనల్ని నిచ్చెన ఎక్కనిచ్చేసరికి మోకాళ్లు అరిగిపోతాయి. ఇక్కడైతే ఉండేదే నలుగురు. బండి తోలేదీ మనమే, గొట్టం పట్టేదీ మనమే, చెట్టెక్కిన పిల్లిని దింపేదీ మనమే. మొదటి రోజే మంట ముందుంటాం."

"మరి నిచ్చెనో? రోజూ దాన్నే చూస్తుంటావుగా?"

వదిన బండి ముక్కు మరోసారి నిమిరింది. "చూడ్డానికేం, చందమామనీ చూస్తాం. వెళ్లి కాపురం పెడతామా?"

"నిజంగా? నా మొహం చూసి చెప్పు. ఒట్టు?"

"మీ అన్నయ్య మీద ఒట్టే!" అని, మనసులోనే మొగుడికి ఓ దణ్ణం పెట్టుకుంది.

మరదలి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. చూశావా, ఎర మింగింది అనుకుంది వదిన.

"ఇంకెంతసేపమ్మా మీ ముచ్చట్లు? ఈల వేసేస్తున్నా," అని మాస్టారు ఈల పెదవుల దాకా తెచ్చాడు.

మరదలు చిన్న బండి వెనక వైపుకే పరుగెత్తింది. వదిన గుండె గంతులేసింది. చంకలో ఉన్న తన బూట్లు సర్దుకుని నిచ్చెన వైపు తిరిగింది కూడా.

మరదలు బండి చుట్టూ తిరిగి అవతలి పక్కకు మాయమైంది. మళ్లీ కనపడేసరికి చేతుల్లో బూట్లున్నాయి. వాటితో మైదానానికి అడ్డంపడి పరుగెత్తి, వదిన పక్కనుంచే దూసుకుపోయి, పెద్ద బండి పక్కన దబ్బున పెట్టేసింది.

ఈల పడింది.

వదిన బూట్లు చంకలోనే ఉండిపోయాయి. "అదేంటే... నీ బూట్లు చిన్న బండి దగ్గరెందుకున్నాయి?"

మరదలు రొప్పుతూ వచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"ఆ నిచ్చెన నీకే దక్కాలని, నువ్వు రాకముందే చిన్న బండి పక్కన పెట్టేశా వదినా... నువ్వు ఒట్టేసి చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నీకెంత అన్యాయం చేసేదాన్ని!"